కోర్టు మీద గీతలు ఎవరు గీశారు? – ప్రపంచ మహిళా బాస్కెట్‌బాల్ పోటీలు, మన హక్కులు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గృహహింస, భూమి హక్కు, కూలి రేట్లు, మద్యం వంటి సమస్యల మీద పని చేస్తున్న మన మధ్య బాస్కెట్‌బాల్ గురించి ప్రసంగం ఏమిటని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. ఆటలు తిండికీ గుడ్డకూ లోటు లేని వాళ్ల వ్యవహారమనే అభిప్రాయం మనలోనూ ఉంది. ఉద్యమాల్లో ఉన్న మనం ఆడపిల్లల చదువు గురించి మాట్లాడినంతగా వాళ్ల ఆట గురించి మాట్లాడలేదు. కాని ఆడపిల్ల శరీరం ఎవరిది, ఆమె సమయం ఎవరిది, ఆమె ఏ స్థలంలో ఎంతసేపు నిలబడవచ్చు, ఏ బట్ట కట్టుకోవాలి, ఆమెకు అన్యాయం జరిగితే ఎవరితో చెప్పుకోవాలి అనే ప్రశ్నలు మనవే గదా! ఈ ప్రశ్నలన్నీ ఒక్కచోట, అందరి కళ్ల ముందు కనబడే స్థలం ఆట మైదానం. అందువల్లనే ఈ రోజు దేశాల జట్ల మధ్య జరిగే ప్రపంచ మహిళా బాస్కెట్‌బాల్ పోటీలను ఒక ఉదాహరణగా తీసుకుని మాట్లాడదలుచుకున్నాను.

దేశాల మధ్య పోటీలనే ఎందుకు తీసుకున్నానంటే, అక్కడ స్త్రీ తన పేరుతో మాత్రమే ఆడదు. దేశం పేరు గుండెల మీద రాసుకుని ఆడుతుంది. ఇంటి పరువు కోడలి నెత్తి మీది కొంగులో ఉందని చెప్పినట్టే, దేశం పరువు ఈ అమ్మాయిల మీద ఉందని చెబుతారు. పరువు మోసే వాళ్ల మీద అదుపు కూడా ఎక్కువే ఉంటుంది. గెలిస్తే జెండా కప్పుతారు. ఫిర్యాదు చేస్తే దేశం పేరు చెడగొడుతున్నావంటారు. కుటుంబంలో మనకు బాగా తెలిసిన ఈ పద్ధతి అంతర్జాతీయ స్థాయిలో ఎట్లా పని చేస్తుందో చూద్దాం.

మొదట ఈ ఆట పుట్టుక గురించి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు దీన్ని కనిపెట్టాడు. కొద్ది నెలల్లోనే ఆడవాళ్లూ ఆడటం మొదలుపెట్టారు. దగ్గర్లోని స్మిత్ మహిళా కళాశాలలో వ్యాయామం నేర్పే సెండా బెరెన్సన్ అనే ఆమె 1893 మార్చిలో తన విద్యార్థినుల మధ్య పోటీ పెట్టింది. పొట్టి దుస్తుల్లో ఉన్న ఆడపిల్లలను చూడకుండా ఆ పోటీకి మగవాళ్లను రానివ్వలేదు. బెరెన్సన్ ఆడపిల్లల కోసం నిబంధనలు మార్చింది. కోర్టును గీతలతో మూడు భాగాలు చేసింది. ఒక భాగంలో ఉన్న అమ్మాయి గీత దాటి ఇంకో భాగంలోకి పోకూడదు. ఎదుటి వాళ్ల చేతుల్లోంచి బంతి లాక్కోకూడదు. మూడుసార్లకు మించి బంతిని నేలకు కొట్టకూడదు.

బెరెన్సన్‌ను మనం తప్పు పట్టనవసరం లేదు. ఆడపిల్ల పరుగెడితే గుండె తట్టుకోదనీ, గర్భసంచికి ముప్పనీ వైద్యులే చెబుతున్న కాలంలో ఆమె అసలు ఆట ఆగిపోకుండా చూసింది. ఆ మేరకు అది ముందడుగే. కాని ఒక కాలంలో రక్షణ పేరుతో గీసిన గీత తర్వాతి తరాలకు సంకెల అవుతుంది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హైస్కూలు ఆడపిల్లలు 1993 దాకా, ఓక్లహోమాలో 1995 దాకా సగం కోర్టు ఆటే ఆడారు. జట్టుకు ఆరుగురు. ముగ్గురు ఒక సగంలో ఉండి బంతి బుట్టలో వేస్తారు, మిగతా ముగ్గురు రెండో సగంలో ఉండి అడ్డుకుంటారు. మధ్య గీత ఎవరూ దాటరు. అంటే అడ్డుకునే వైపు ఉన్న అమ్మాయి బడి చదువు అంతా ఆడినా పోటీలో ఒక్కసారి కూడా బుట్టలోకి బంతి విసిరే అవకాశం ఉండదు. విచిత్రమేమంటే ఆ ఆటకు ఊళ్లలో విపరీతమైన ఆదరణ ఉండేది. ఆడిన స్త్రీలు దాన్ని ప్రేమించారు కూడా. తమకు ఇచ్చిన సగంలోనే సంతోషాన్ని వెతుక్కోవడం స్త్రీలకు కొత్త కాదు గదా. ఆ సంతోషం అబద్ధం కాదు. అయినా ఆ గీత న్యాయం కాదు.

ఇక ప్రపంచ పోటీల చరిత్ర. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, దాన్నే ఫిబా అంటాం, 1932లో ఏర్పడింది. పురుషుల బాస్కెట్‌బాల్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో చేరింది. పురుషుల ప్రపంచ పోటీ 1950లో అర్జెంటీనాలో జరిగింది. స్త్రీల మొదటి ప్రపంచ పోటీ 1953లో చిలీలో, 10 జట్లతో జరిగింది. ఆతిథ్య దేశం చిలీని ఓడించి అమెరికా గెలిచింది. ప్రపంచ పోటీ మూడేళ్ల తేడాతో వచ్చింది గాని, ఒలింపిక్స్‌లోకి రావడానికి స్త్రీలకు 1976 మాంట్రియల్ దాకా, అంటే పురుషుల తర్వాత సరిగ్గా 40 ఏళ్లు పట్టింది. అప్పుడు కూడా స్త్రీల జట్లు ఆరే.

ఈ చరిత్రలో ఒక సంగతి నాకు పరిశోధకురాలిగా ఆసక్తి కలిగిస్తుంది. 1953లోనూ 1957లోనూ గెలిచిన అమెరికా స్త్రీలు మళ్లీ గెలిచింది 1979లోనే. ఈ మధ్యలో 1959, 1964, 1967, 1971, 1975 సంవత్సరాల్లో ఐదుసార్లు వరుసగా సోవియట్ యూనియన్ గెలిచింది. ఇది కేవలం ప్రతిభ విషయం కాదు. దీని వెనక రెండు వ్యవస్థలున్నాయి.

సోవియట్ జట్టుకు వెన్నెముకగా ఉన్న క్రీడాకారిణి ఉల్యానా సెమ్యొనోవా. లాత్వియా అమ్మాయి. రెండు మీటర్లు దాటిన ఎత్తు. పద్దెనిమిదేళ్ల అంతర్జాతీయ జీవితంలో ఆమె జట్టు ఒక్క అధికారిక పోటీలోనూ ఓడిపోలేదు. ఆమె ఆడిన క్లబ్బు పేరు టి.టి.టి. రీగా. ఆ మూడు అక్షరాలకు అర్థం ఏమిటో తెలుసా? రీగా నగర ట్రాము, ట్రాలీబస్సుల సంస్థ! అంటే మన ఆర్టీసీ లాంటి సంస్థకు అనుబంధంగా ఉన్న మహిళా జట్టు. 1960 నుంచి 1982 లోపల ఆ జట్టు 18 సార్లు యూరప్ కప్పు గెలిచింది. ఆడే స్త్రీకి ఒక సంస్థ అండ, ఒక జీతం, సాధనకు స్థలం, సమయం దొరికితే ఏమవుతుందో ఇది చూపిస్తుంది. సోవియట్ వ్యవస్థలో క్రీడాకారుల మీద ఉన్న అదుపును నేను మరచిపోలేదు. కాని ఆట స్త్రీకి ఉద్యోగంగా గుర్తింపు పొందడం చిన్న విషయం కాదు. మన దేశంలో మహిళా బాస్కెట్‌బాల్‌కు అట్లాంటి అండ చాలాకాలంగా రైల్వేల నుంచి వచ్చింది. ఆట వల్ల ఉద్యోగం వస్తుందంటేనే మధ్యతరగతి, దిగువ మధ్యతరగతి ఇళ్లలో ఆడపిల్లను గ్రౌండుకు పంపుతారు. ఇది మనం చిన్నచూపు చూడవలసిన లెక్క కాదు, ఆ కుటుంబాలకున్న ఒకే ఒక హామీ అది.

అమెరికా కథ వేరు. అక్కడ 1972లో వచ్చిన చట్టం, టైటిల్ నైన్ అంటారు, ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు లింగ వివక్ష చూపకూడదని చెప్పింది. అంతకుముందు పరిస్థితి ఎట్లా ఉండేదంటే, 1976 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున ఆడి తర్వాత గొప్ప కోచ్‌గా పేరు తెచ్చుకున్న ప్యాట్ సమిట్ అన్నలు ఆట మీద స్కాలర్‌షిప్పులతో కాలేజీ చదివారు, ఆమె చదువుకు తల్లిదండ్రులు డబ్బు కట్టవలసి వచ్చింది. ఒకే ఇల్లు, ఒకే ఆట పట్ల ఇష్టం, రెండు లెక్కలు. ఆ చట్టం కింద పెరిగిన ఆడపిల్లలు చేతికి అందాక, 1979 నుంచి నేటి దాకా ఎక్కువ ప్రపంచ పోటీల్లో అమెరికాదే గెలుపు. మధ్యలో 1983లో సోవియట్ యూనియన్, 1994లో బ్రెజిల్, 2006లో ఆస్ట్రేలియా గెలిచాయి. ఎవరైనా మీతో చట్టాల వల్ల ఏమవుతుందని అంటే ఈ ఉదాహరణ చెప్పండి. చట్టం ఒక్కటే చాలదు, కాని చట్టం లేకుండా ఏ అమ్మాయీ తన హక్కుగా స్కాలర్‌షిప్పు అడగలేకపోయింది.

ఇన్ని దశాబ్దాల తర్వాత సమానత్వం వచ్చేసిందా? అంకెలు చూడండి. పురుషుల ప్రపంచ పోటీలో 2014లో 24 జట్లు ఆడాయి. 2019లో ఆ సంఖ్య 32 అయింది. స్త్రీల పోటీలో 2018లో 16 జట్లు ఆడాయి. 2022లో ఆ సంఖ్య 12కు తగ్గింది. పురుషుల పందిరి విశాలమవుతుంటే స్త్రీల పందిరి కురచ అయింది. స్త్రీల ఆట చూసేవాళ్లు ఉండరనేది ఎప్పుడూ వినే మాట. కాని 2022లో సిడ్నీలో జరిగిన ఆ 12 జట్ల పోటీకే 1,45,000 మందికి పైగా వచ్చారు. 2026 పోటీలకు మళ్లీ 16 జట్లు అని నిర్ణయించారు. పోగొట్టుకున్నది తిరిగి ఇవ్వడం కూడా ఒక వరంగా చెప్పుకునే అలవాటు మనకు తెలిసిందే.

2012 లండన్ ఒలింపిక్స్‌కు ఆస్ట్రేలియా జట్లు వెళ్లినప్పటి సంగతి ఇంకొకటి. పురుషుల బాస్కెట్‌బాల్ జట్టును విమానంలో బిజినెస్ క్లాసులో పంపారు. స్త్రీల జట్టును దానికంటే కింది తరగతిలో పంపారు. కారణం ఏమిటంటే మగవాళ్లు ఎత్తుగా ఉంటారట, కాళ్లు చాపుకోవడానికి చోటు కావాలట! ఆ స్త్రీల జట్టు అంతకుముందు 2000, 2004, 2008 ఒలింపిక్స్‌లో వరుసగా మూడు రజత పతకాలు తెచ్చింది. పురుషుల జట్టు అప్పటికి ఒక్క పతకం తేలేదు. పైగా ఆ స్త్రీలలో ఆరడుగులు దాటినవాళ్లు ఎందరో. విషయం బయటపడి గొడవ అయ్యాక సమాఖ్య ఇక ముందు ఇద్దరికీ ఒకే రకం ప్రయాణం అని ప్రకటించింది. ఇంట్లో చేపముక్క తండ్రికీ కొడుకులకూ పెట్టి, పులుసు తల్లీ కూతుళ్లకు మిగల్చడం మనం చూసిందే. కష్టం ఎవరిదన్నది కాదు లెక్క, పీట ఎవరిదన్నదే లెక్క.

అదే జట్టులోని లారెన్ జాక్సన్ 2022 పోటీలకు 41 ఏళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తల్లిగా తిరిగి వచ్చి, కాంస్య పతకం పోటీలో 30 పాయింట్లు సాధించింది. పెళ్లితో, కాన్పుతో ఆడదాని శరీరం పని అయిపోయిందనే నమ్మకానికి ఇంతకంటే సమాధానం ఏం కావాలి? అయితే అందరు తల్లులకూ ఆ అవకాశం ఉండాలంటే పిల్లల్ని చూసుకునే ఏర్పాటు, వైద్యం, జీతం ఉండాలి. దాన్ని ఒక వీరనారి కథగా చెప్పి వదిలేస్తే, మిగతా తల్లులు చేతకానివాళ్లు అనే అర్థం వస్తుంది. ఆ ప్రమాదాన్ని మనం గమనించాలి.

సిడ్నీకి రావలసిన ఒక జట్టు రాలేకపోయింది. నైజీరియా స్త్రీలు 2022 ఫిబ్రవరిలో అర్హత సంపాదించారు. ఆ దేశపు సమాఖ్యలో అధికారం కోసం పెద్దల మధ్య తగాదా నడుస్తోంది. మే నెలలో దేశాధ్యక్షుడు నైజీరియా రెండేళ్లపాటు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ నుంచి తప్పుకుంటుందని ప్రకటించాడు. ఆడవలసిన అమ్మాయిల నోటి కాడి కూడు పోయింది. జూన్‌లో వాళ్ల స్థానంలో మాలీని తీసుకున్నారు. తర్వాత అదే నెలలో ప్రభుత్వం మనసు మార్చుకుంది, కాని అప్పటికే బస్సు వెళ్లిపోయింది. ఎద్దులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరుగుతాయంటారు. రెండేళ్ల తర్వాత అదే నైజీరియా స్త్రీల జట్టు పారిస్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను, కెనడాను ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. ఆఫ్రికా ఖండం నుంచి స్త్రీలలో గాని పురుషులలో గాని ఏ బాస్కెట్‌బాల్ జట్టూ అంతకుముందు అక్కడిదాకా పోలేదు. 2022లో వాళ్లనుంచి ఏం లాక్కున్నారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇప్పుడు బట్టల ప్రశ్నకు వస్తాను. ఇక్కడ మనలో భేదాభిప్రాయాలు ఉంటాయని నాకు తెలుసు. అయినా మాట్లాడుకోవాలి. 2017 దాకా ఫిబా నిబంధనల ప్రకారం ఆటగాళ్లు తలకు 5 సెంటీమీటర్ల వెడల్పు మించని పట్టీ తప్ప మరేదీ కట్టుకోవడానికి వీలుండేది కాదు. గాయాలు కాకుండా ఈ జాగ్రత్త అని చెప్పేవారు. 2014 జూలైలో చైనాలోని వూహాన్‌లో జరిగిన ఆసియా కప్పులో మన దేశపు ఆటగాళ్లు అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్‌లను తలపాగాలు తీసేయమన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 24న దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో, ఆసియా క్రీడల్లో, మంగోలియాతో ఆడటానికి వచ్చిన ఖతార్ మహిళా జట్టును హిజాబ్ తీసేస్తేనే ఆడనిస్తామన్నారు. వాళ్లు తీయలేదు. ఆడకుండానే ఓడిపోయినట్టు రాశారు. గమనించండి, అదే క్రీడల్లో వేరే ఆటల్లో హిజాబ్‌తో పాల్గొన్న స్త్రీలున్నారు.

ఆ తర్వాత చాలా దేశాల నుంచి క్రీడాకారిణులే కదిలారు. అమెరికాలో కళాశాల స్థాయిలో తల కప్పుకుని ఆడి, ఈ నిబంధన వల్ల విదేశాల్లో వృత్తిగా ఆడే దారి మూసుకుపోయిన బిల్కిస్ అబ్దుల్ ఖాదిర్ వంటివారు ప్రచారం చేశారు. చివరకు 2017 మే నెలలో హాంకాంగ్‌లో జరిగిన సమావేశంలో ఫిబా నిబంధన మార్చింది. ఆ అక్టోబరు 1 నుంచి తల కప్పుకుని ఆడవచ్చు. ప్రమాదం అని ఇన్నేళ్లు చెప్పినది, బట్ట తీరు ఎట్లా ఉండాలో రెండు వాక్యాలు రాస్తే పరిష్కారమైపోయింది.

కాని కథ ముగియలేదు. ఫ్రాన్స్ బాస్కెట్‌బాల్ సమాఖ్య 2022 డిసెంబరులో తమ దేశంలోని అన్ని స్థాయిల పోటీల్లోనూ మతాన్ని తెలిపే తల కప్పులను నిషేధించింది. ఫ్రాన్స్ యువ జట్లలో ఆడిన జాబా కొనాతే అమెరికాలో చదువుకుంటూ హిజాబ్‌తో ఆడగలిగింది గాని, సొంత దేశంలో ఆడలేని స్థితి వచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వచ్చిన ఇతర దేశాల స్త్రీలు హిజాబ్‌తో ఆడవచ్చు, ఫ్రాన్స్ తరఫున ఆడేవాళ్లు మాత్రం ఆడకూడదు. మరో వైపు ఇరాన్ సంగతి తీసుకోండి. అక్కడ ప్రభుత్వం తల కప్పకుండా ఆడనివ్వదు. 2017 దాకా ఫిబా తల కప్పితే ఆడనివ్వలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. 2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ మరణం తర్వాత ఇరాన్ స్త్రీలు కొప్పు విప్పి వీధుల్లోకి వచ్చింది ఏ హక్కు కోసమో, అదే ఏడాది కర్ణాటకలో కాలేజీ గేటు దగ్గర ఆగిపోయిన ముస్లిం ఆడపిల్లలు అడిగింది కూడా ఆ హక్కే అని నేను అనుకుంటాను. కర్ణాటక హైకోర్టు 2022 మార్చిలో ఆ నిషేధాన్ని సమర్థించింది. సుప్రీంకోర్టులో ఆ అక్టోబరులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు.

హిజాబ్ పితృస్వామ్య చిహ్నం కాదా అని నన్ను అడుగుతారు. మెట్టెలు, తాళి, ఓణీ ఏమిటి మరి? మనం వాటి గురించి చర్చిస్తాం, విమర్శిస్తాం, కొందరం వదిలేశాం. కాని మంగళసూత్రం తీస్తేనే బస్సు ఎక్కనిస్తాం అని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? కప్పుకొమ్మని బలవంతం చేసేవాడూ, తీసేయమని బలవంతం చేసేవాడూ ఇద్దరూ నిర్ణయం తమ చేతిలోనే ఉంచుకుంటున్నారు. ఆ రెండు సందర్భాల్లోనూ ఆట పోగొట్టుకునేది ఆ అమ్మాయి. ఆ అమ్మాయి కోర్టులో ఉండటం, పరుగెత్తడం, నలుగురితో కలవడం, గెలవడం, ఓడటం, వీటివల్ల ఆమె ఆలోచనలు మారవచ్చు, మారకపోవచ్చు. గేటు బయట నిలబెట్టి మాత్రం ఎవరినీ విముక్తి చేయలేం.

అన్నిటికంటే బరువైన విషయం చివరకు అట్టిపెట్టాను. సిడ్నీలో నైజీరియా స్థానంలో ఆడిన మాలీ జట్టు ఐదు ఆటలూ ఓడింది. ఒక ఓటమి తర్వాత విలేఖరుల ముందే ఇద్దరు క్రీడాకారిణులు కొట్టుకున్నారు. ఆ దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. కాని అంతకు ఏడాది ముందు, 2021 జూన్‌లో బయటపడిన సంగతి ఎంతమందికి గుర్తుంది? మాలీ బాలికల జట్లలోని ఎందరో అమ్మాయిలపై శిక్షకులు లైంగిక అత్యాచారాలు చేశారని న్యూయార్క్ టైమ్స్ పత్రిక, హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ వెల్లడించాయి. ఒప్పుకోకపోతే జట్టులో చోటు పోతుందనే బెదిరింపు. బాలికల జాతీయ జట్టు శిక్షకుడొకరిని ఆ జూలైలో అరెస్టు చేశారు. అప్పటి ఫిబా అధ్యక్షుడు అంతకుముందు 1999 నుంచి 2007 దాకా మాలీ సమాఖ్యకు అధ్యక్షుడుగా ఉన్నవాడే. తనకేమీ తెలియదన్నాడు, విచారణ ముగిసేదాకా పక్కకు తప్పుకున్నాడు. ఫిబా నియమించిన విచారణ సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. అతనికి తెలుసని రుజువు కాలేదని చెప్పింది, అతను తిరిగి పదవిలోకి వచ్చాడు. కాని అదే నివేదిక మాలీ సమాఖ్యలో క్రీడాకారిణులపై లైంగిక వేధింపులు వ్యవస్థలో భాగమై పోయాయని చెప్పింది.

ఒక వ్యక్తికి తెలుసా తెలియదా అన్నది న్యాయస్థానం తేల్చే విషయం. మనం అడగవలసిన ప్రశ్న వేరు. అంతమంది పిల్లలకు జరిగినది అన్నేళ్లు ఎవరికీ ఎందుకు తెలియలేదు? తెలిసే దారి లేకుండా ఏ వ్యవస్థ కట్టారు? జట్టును ఎంపిక చేసేవాడు, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునేవాడు, హాస్టల్ తాళం చేతిలో ఉన్నవాడు, ఫిర్యాదు వినవలసినవాడు ఒక్కడే అయితే ఆ అమ్మాయి ఎవరితో చెప్పుకుంటుంది?

ఇది ఆఫ్రికా సమస్య అనుకుని తప్పించుకోలేం. 2023 జనవరిలో వినేష్ ఫోగట్, సాక్షి మాలిక్ ప్రభృతులు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నప్పుడు, మన కుస్తీ సమాఖ్యలో చట్టం ప్రకారం ఉండవలసిన ఫిర్యాదుల కమిటీయే లేదని బయటపడింది. దేశానికి పతకాలు తెచ్చిన స్త్రీలను ఆ మే 28న పోలీసులు రోడ్డు మీద ఈడ్చుకుపోవడం మనమంతా చూశాం. అంత పేరున్న వాళ్ల గతే అది అయితే, జిల్లా జట్టులో ఆడే పదిహేనేళ్ల పిల్ల సంగతేమిటి? నేను మాట్లాడిన జిల్లా స్థాయి ఆటగత్తెలలో చాలామంది పదో తరగతి తర్వాత ఆట మానేసిన కారణం అడిగితే మొదట చదువు అనే చెప్పారు. కొంచెం నమ్మకం కుదిరాక చెప్పినవి వేరు. గ్రౌండులో మరుగుదొడ్డి లేదు, నెలసరి రోజుల్లో మగ శిక్షకుడితో చెప్పలేకపోయాం, పోటీలకు వేరే ఊరికి పోతే పడుకునే చోట తలుపుకు గడియ లేదు. ఒకమ్మాయి ఏ కారణమూ చెప్పలేదు. ఆమె మౌనాన్ని నేను ఏ పట్టికలోనూ వేయలేకపోయాను.

మన దేశపు స్త్రీల బాస్కెట్‌బాల్‌లో ప్రతిభ లేదనుకోవద్దు. 2017 జూలైలో బెంగుళూరులో జరిగిన ఆసియా కప్పు రెండో విభాగం ఫైనల్లో మన జట్టు కజకిస్తాన్‌ను 75-73తో ఓడించి మొదటి విభాగానికి ఎదిగింది. ప్రశాంతి సింగ్‌కు 2019లో, తమిళనాడుకు చెందిన పి. అనితకు 2021లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ల పేర్లు మన బడిపిల్లలలో ఎందరికి తెలుసు?

ఇంత చెప్పి, చేయవలసిన పని చెప్పకపోతే ఈ ప్రసంగం వృథా. మీ చేతిలో ఉన్న ఆయుధాలు కొన్ని ఉన్నాయి. పని ప్రదేశంలో స్త్రీలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ‘పని ప్రదేశం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో క్రీడా సంస్థ, స్టేడియం, పోటీలు జరిగే స్థలం కూడా ఉన్నాయి. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగి కానక్కరలేదు, వయసు పరిమితి లేదు. పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్నచోట, లేదా ఆరోపణ యజమాని మీదే అయినచోట, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. కోచే యజమాని అయిన చిన్న అకాడమీలకు ఇది చాలా ముఖ్యం. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలల గడువు ఇవ్వవచ్చు. సంస్థ కమిటీలో సగం మందైనా స్త్రీలుండాలి, బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒక సభ్యురాలు ఉండాలి. ఆ బయటి సభ్యురాలు మీరే కావచ్చు! పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం ఉంది. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే ఆ చట్టం కింద నేరం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడల పాలన చట్టం జాతీయ సమాఖ్యల కార్యవర్గాల్లో కనీసం నలుగురు స్త్రీలు ఉండాలంటోంది. ఆ నలుగురు పెద్దల భార్యలూ కూతుళ్లేనా, ఆడి వచ్చిన స్త్రీలా అని అడగవలసింది మనమే.

ఈ చట్టం స్టేడియం దాకా ఎట్లా వచ్చిందో కూడా గుర్తు చేసుకుందాం. రాజస్థాన్ పల్లెలో బాల్యవివాహాన్ని ఆపబోయి 1992లో అత్యాచారానికి గురైన భన్వరీదేవి మీలాగే గ్రామాల్లో పని చేసిన కార్యకర్త. ఆ కేసులో న్యాయం దొరక్కపోయినా, స్త్రీల సంఘాల పట్టుదల వల్ల 1997లో విశాఖ తీర్పు వచ్చింది. దాని నుంచి 2013 చట్టం వచ్చింది. పల్లెలో ఒక కార్యకర్త చేసిన పోరాటం ఇవాళ బాస్కెట్‌బాల్ కోర్టులో ఆడే పిల్లకు అండ కాగలదు. కాగితం మీద ఉన్న ఆ అండను చేతికి అందించే పని మిగిలి ఉంది.

కాబట్టి మీ జిల్లాకు తిరిగి వెళ్లాక నాలుగు పనులు చేయండి. స్థానిక కమిటీ ఉందా, దాని చిరునామా క్రీడాప్రాంగణం గోడ మీద రాసి ఉందా అని కలెక్టరు కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. కస్తూర్బా విద్యాలయాల్లో, గురుకులాల్లో ఆడపిల్లలకు ఆట పీరియడు నిజంగా ఉందా, ఆ పీరియడులో వాళ్లు గదులు ఊడుస్తున్నారా ఆడుతున్నారా చూడండి. పోటీలకు పిల్లల్ని తీసుకుపోయే ప్రతిసారీ ఒక మహిళా బాధ్యురాలు వెంట ఉండాలని పట్టుబట్టండి. మీ కిశోర బాలికల సమావేశాల్లో రక్తహీనత గురించి, చట్టాల గురించి చెప్పడంతోపాటు ఒక బంతి కూడా ఇవ్వండి.

నూట ముప్పై ఏళ్ల కిందట ఆడపిల్లలు గీత దాటకూడదని కోర్టును మూడు ముక్కలు చేశారు. ఆ సున్నపు గీతలు చెరిగిపోయాయి. కంటికి కనబడని గీతలు మిగిలే ఉన్నాయి. వాటిని కనబడేట్టు చేయడం పరిశోధకులుగా మా పని అయితే, చెరిపేయడం మనందరి పని.